గుడ్లబండి గీసిన రోజులు

మొన్న మదనపల్లెలో పళ్ళ డాక్టరు దగ్గర నుంచి బయటికి వచ్చి, మా అక్క మనవరాలు ఫోనులో పిలిపించిన కారు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. తెల్ల కారు వస్తుందని చెప్పింది. నా ముందు ఆగిన మొదటి తెల్ల కారు తలుపు తీసి, సంచి సీటు మీద పెట్టి, ఒక కాలు లోపల పెట్టేసరికి ముందు కూర్చున్న అబ్బాయి వెనక్కి తిరిగి, మర్యాదగానే, “అమ్మా, మీరు బుక్ చేసిండేది ఈ కారు కాదు” అన్నాడు. సిగ్గుపడి దిగాను. రెండో తెల్ల కారూ నాది కాదు. మూడోదాని నంబరు, కళ్ళజోడు సర్దుకుని, అంకె తర్వాత అంకె కూడబలుక్కుని చదివి ఎక్కాను. ఈ వయసులో ఇలాంటివి మామూలే, మీలో చాలామందికి జరిగే ఉంటుంది, నవ్వుకునీ ఉంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒకప్పుడు నేను బండ్లకు ముఖాలు గీసి బతికినదాన్ని. దుమ్ములో, ఫర్లాంగు దూరంలో ఉన్నా ఇది ఫలానా బండి అని పల్లెలో అవ్వ కూడా గుర్తుపట్టేలా ఒక బండిని గీసినదాన్ని. ఆ మాట ఇప్పుడు చెబితే నమ్మేవాళ్ళు కూడా తక్కువ, చెప్పుకోవడానికి పక్కన మనుషులూ తక్కువ. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మాది గుడుపల్లె పక్కన ఒక చిన్న పల్లె. మా నాయన కుప్పం చుట్టుపక్కల క్వారీల్లో రాయి కొట్టేవాడు, మా అమ్మ చెనిక్కాయల చేలల్లో, అంటే వేరుశనగ చేలల్లో, కూలికి వెళ్ళేది. మా ఇంట్లో పాలిటెక్నిక్ దాకా వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే, అదీ మెకానికల్. క్లాసులో ఇంకో అమ్మాయి ఉండేది గానీ మొదటి ఏడాదే ఆమెకు పెళ్ళయి వెళ్ళిపోయింది, మిగిలిన రెండేళ్ళూ ఒక బెంచీ మొత్తం నాదే. ఒంటరిగా కూర్చోవడం అప్పుడే అలవాటైందేమో. చదువు అయ్యాక, తొంభైల మొదట్లో, పుంగనూరు నుంచి చౌడేపల్లె వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డులో నాకు ట్రేసరు ఉద్యోగం దొరికింది. ట్రేసరు అంటే, మీకు గుర్తుండే ఉంటుంది, ఒకరు గీసినదాని మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో మళ్ళీ గీసేవాళ్ళు. అంటే సొంత గీత ఒక్కటీ ఉండని ఉద్యోగం.

ఆ షెడ్డులో ఆటోలకు వెనకటి బాడీలు, ట్రాక్టర్లకు ట్రాలీలు, పాలవ్యాన్లకు పైకప్పులు తయారయ్యేవి. మా యజమానిది చౌడేపల్లె వైపు సేద్యం చేసే ఇల్లు, మనిషికి చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి, మన గడ్డ మీద మన చేతులతో ఒక చిన్న కారు తయారు కావాలని. అందరూ ఆయన్ను సారూ అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. ఎక్కడి నుంచో డీజిల్ ఇంజన్లు తెప్పించి, కింద చట్రం మన దగ్గరే అతికించి, పైన ఫైబరు బాడీ బిగించి, నేను చేరిన ఏడాదిలోనే ఆయన మొదటి కారు తయారు చేయించారు. దాని దీపాలు ఒక పెద్ద కంపెనీ కారువి, తలుపులు ఇంకొక కంపెనీ వ్యానువి, వెనకభాగం ఏదో విదేశీ పత్రికలో చూసినది. ముస్తాబు చేసి, పూలదండ వేసి, మదనపల్లె టమోటా మార్కెట్టుకు తీసుకువెళ్ళాం. జనం ఏమంటారో రాసుకోవడానికి ఫైలు పట్టుకుని నేను వెనక సీట్లో కూర్చున్నాను.

క్రేట్లు దించుతున్న ఒక ముసలి రైతు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత నింపాదిగా అడిగాడు. “ఇది ఎవురి మాదిరి ఉండాదప్పా? మొగమేమో ఒకరిది, ఈపేమో ఇంగొకరిది. దీనికంటూ సొంతంగా ఏమన్నా ఉండాదా?”

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. సారు కూడా నవ్వారు. కానీ మరునాడు నన్ను పిలిచి, నా ట్రేసింగు కాగితాలు పక్కకు జరిపి, ఒక తెల్ల డ్రాయింగు షీటు బల్ల మీద పరిచి, “సూడమ్మా, ఆ పెద్దాయప్ప అడిగినదానికి నా కాడ బదులు లేదు. నువ్వు గీసి తీసకరా” అన్నారు. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. ఆ షెడ్డులో డిజైనరనే పదవి ఒకటి ఉంటుందని కూడా ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి అది నేనే అయ్యాను. తర్వాత నా కింద ఇద్దరు ముగ్గురు వచ్చారు, వెళ్ళారు. కానీ ఏది ఎలా ఉండాలో తేల్చే మాట పదిహేనేళ్ళ పాటు నాదే.

తెల్ల షీటు ముందు పది రోజులు కూర్చున్నాను, ఒక్క గీతా రాలేదు. గీతలు బల్ల దగ్గర దొరకవని అర్థమై, సారును అడిగి, కొలతల టేపు ఒకటి సంచిలో వేసుకుని బస్సులెక్కడం మొదలుపెట్టాను. కుప్పం రైల్వే స్టేషను బయట, వెంకటగిరికోట సంతలో, మదనపల్లె బస్టాండులో గంటలు గంటలు నిలబడి జనం బండ్లు ఎలా ఎక్కుతున్నారో, దేన్ని పట్టుకుని ఎక్కుతున్నారో, ఏ మూట ఎక్కడ పెడుతున్నారో చూసేదాన్ని. ఒంటరి ఆడపిల్ల టేపు పట్టుకుని జీపుల మెట్లు కొలుస్తుంటే వింతగా చూసేవారు. ఒకసారి వెంకటగిరికోటలో ఒక అవ్వ గంప పట్టుకుని జీపు ఎక్కలేక దిగిపోయింది. దగ్గరికి వెళ్ళి, “కొంచెం కాలెత్తవ్వా, కొలుచుకుంటాను” అన్నాను. “యాల?” అంది అనుమానంగా. బండి తయారు చేస్తున్నామని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, పక్కనున్నామెతో, “సూడే, నా కాలికి కొలతబెట్టి బండి సేస్తారంట!” అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కాలెత్తింది. ఆ అవ్వ కాలు ఎంత ఎత్తు లేచిందో అంతే ఎత్తులో మా బండి మెట్టు పెట్టాను. ఆ తర్వాత ఎన్ని మార్పులు జరిగినా ఆ కొలతను ఎవరినీ తాకనివ్వలేదు.

దీపాలు గుండ్రంగా పెట్టాను. అందం కోసం కాదు, ఆ గుండ్రటి అద్దాలు ఏ మండలంలోని చిన్న స్పేరుపార్టుల కొట్టులో అయినా దొరికేవి కాబట్టి. పక్కన దీపం నుంచి వెనక దాకా ఎక్కడా తెగని ఒకే ఒక గీత నడిపించాను. ఇక రంగు. పుంగనూరులో నేను అద్దెకున్న గది ఒక పిండిమిల్లు పైన ఉండేది. కింద పగలంతా రాగులు ఆడుతుంటే ఆ పిండి మెట్ల మీద, కిటికీ మీద, నా చీరల మీద పల్చగా పేరుకునేది. మా దారుల్లో బండి మీద పడే దుమ్ము కూడా దాదాపు అదే రంగని ఒక ఆదివారం కిటికీ తుడుస్తూ గమనించాను. ఆదివారాలు నాకు తుడుచుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు లెండి. ఆ రంగు వేస్తే దుమ్ము పడినా బండి మాసినట్టు కనిపించదు. సారుకు చెబితే నెత్తిన చేతులు పెట్టుకున్నారు. సంగటి రంగు కారు ఎవురు కొంటారమ్మా అని రెండు రోజులు వాదించి, మూడో రోజు వాళ్ళింట్లో భోజనానికి కూర్చుని పళ్ళెంలో సంగటి ముద్దను చూసి, ఇదే రంగు కదా అని ఇంటావిడను అడిగి, ఆమె బాగానే ఉంటుందంటే ఒప్పుకున్నారట.

ఇదంతా కాగితం మీది మాట. దాన్ని వస్తువుగా చేసినవాడు మా మేస్త్రి. ఆయనది వెంకటగిరికోట, అందరూ వి.కోట అంటారు. గోపురాల మీద సున్నపు బొమ్మలు చేసే కుటుంబంలో పుట్టి, ఆ పనులు తగ్గిపోయాక ఫైబరు అచ్చులు పోయడం నేర్చుకుని మా షెడ్డుకు వచ్చాడు. భార్య పోయింది, కూతురు పెళ్ళయి కోలారు వైపు వెళ్ళిపోయింది. వారమంతా షెడ్డు వెనక గదిలో ఉండి, ఆదివారం ఊరికి వెళ్ళి సోమవారం మొదటి బస్సుకు వచ్చేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు, నాకు తల నెరిసినా పాపా అనే అనేవాడు. మధ్యాహ్నం షెడ్డులో ఆ మూల ఆయన, ఈ మూల నేను విడివిడిగా అన్నాలు తినేవాళ్ళం. ఎప్పుడైనా ఊరిబిండి పచ్చడి ఎక్కువగా నూరుకుంటే గిన్నె మూతలో కొంచెం పెట్టి నా బల్ల చివర ఉంచి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. మా స్నేహం అంతే. కానీ అంతకు మించిన స్నేహం నా జీవితంలో మరొకటి లేదు.

అచ్చు తయారయ్యాక ఆయన దాని మీద నూనె పూసి, పైన పొడుగు ట్యూబులైటు వెలిగించి, ఆ వెలుగు అచ్చు మీద ఎలా పాకుతుందో దూరంగా కూర్చుని చూసేవాడు. ఉపరితలం సరిగా ఉంటే వెలుగు నీటిధారలా సాగేది, లేకపోతే ఎక్కడో ఒక దగ్గర వణికేది. నా ఒంటిగీతను ఆయన అలా పదిహేను రోజులు చూశాడు. వెనక చక్రం పైన చెయ్యి చూపించి, “గీత ఈడ నిద్రపోతాండాది పాపా, లేపు” అనేవాడు. నేను గదికి వెళ్ళి మళ్ళీ గీసేదాన్ని, ఆయన మళ్ళీ చెక్కేవాడు. నా చదువులో ఎవరూ నేర్పని పాఠం అది. గీత తప్పు అని చెప్పించుకోవడానికి నేను సిగ్గుపడలేదు. పొద్దున్నే షెడ్డుకు రాగానే ఈ రోజు ఏం తప్పు పడతాడోనని ఎదురుచూసేదాన్ని కూడా. చివరికి ఒకరోజు ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. అదే ఆయన బాగుందనడం.

ప్రభుత్వ పరీక్షలు, కాగితాలు, తిరుగుళ్ళు అయ్యి బండి రోడ్డు మీదికి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. మేం దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టాం గానీ ఆ పేరు మా రశీదు పుస్తకాల్లోనే ఉండిపోయింది. జనం ఏమని పిలుస్తున్నారో నాకు కుప్పంలో తెలిసింది. అక్కడే కాపురమున్న మా అక్క ఇంటికి వెళ్ళి, తిరిగి వస్తూ స్టేషను ముందు నిలబడ్డాను. ప్యాసింజరు రైలు దిగిన ఒకామె ఇద్దరు పిల్లల్నీ రెండు మూటల్నీ ఈడ్చుకుంటూ వచ్చి, జీపులు, ఆటోలు నిండిన ఆ గుంపులో ఒక్క క్షణం చూసి, “అదో, మన గుడ్లబండి ఆడుండాది, పదండి” అంది. పిల్లలు పరుగెత్తారు. ఆమె మెట్టు మీద కాలు పెట్టి, మూట దించకుండానే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే ఎక్కేసింది. గుండ్రటి దీపాలు కంటిగుడ్లు మిటకరించినట్టు ఉంటాయని ఆ పేరు పెట్టారన్నమాట. ఆ బండిలో కోడిగుడ్లు తోలుతారు కాబట్టి ఆ పేరొచ్చిందని చౌడేపల్లెలో ఒకాయన తర్వాత నాతోనే వాదించాడు, నేనూ కాదనలేదు.

ఆమె “మన” అనడం నా చెవుల్లో పడింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికైనా చెప్పాలనిపించి మళ్ళీ అక్క ఇంటికి నడిచాను. అక్క బియ్యం కడుగుతూ, అవునా అని, వి.కోటలో ఎవరో టీచరు సంబంధం ఉందట, ఫోటో పంపమన్నారు అంది. ఆమె తప్పేమీ లేదు. సోమవారం మేస్త్రికి చెప్పాను. అంతా విని, “సరే. ఎడమ తలుపు సందు ఎక్కువుండాది, అది సూడు ముందు” అన్నాడు. ఆ సాయంత్రం మాత్రం ఊరిబిండి గిన్నె మూతలో కాక గిన్నెతోనే వచ్చింది.

బండిని గీయడం ఒక ఎత్తు, గీసినదాన్ని కాపాడుకోవడం ఒక ఎత్తు. ఒక సంస్థ ముఖం ఏదో ఒక గొప్ప ఆలోచనతో తయారవుతుందని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. నాకు తెలిసినంతవరకు అది రోజూ వద్దు అనడంతో తయారవుతుంది. అమ్మకాలవాళ్ళు మెరిసే పట్టీలు కావాలన్నారు, వద్దన్నాను. పక్కగీత మీద మంటల స్టిక్కరు అంటించి తెచ్చారు, పీకించాను. పుంగనూరు పొట్టి ఆవు లోకమంతటికీ తెలుసు కదా, దాని బొమ్మ ముందు పెడదామని ఊళ్ళో పెద్దమనుషులు దాదాపు ఊరేగింపుగా వచ్చారు. ఆవు ఆవులాగా ఉండనీండి, బండిని బండిలాగా ఉండనీండి అన్నాను. పొడుగు బండి తెచ్చినప్పుడు, పాలక్యాన్ల బండి తెచ్చినప్పుడు, మెట్టు ఎత్తు, గుండ్రటి దీపం, తెగని గీత, రాగిపిండి రంగు, ఈ నాలుగింటినీ నేను వదలలేదు. షెడ్డులో నా వెనక నన్ను వద్దమ్మ అనేవారని తెలుసు. మొదట్లో నవ్వుకున్నాను. కానీ వద్దనేవాళ్ళ బల్ల దగ్గరికి ఎవరూ ఊరికే వచ్చి కూర్చోరు. పండగకు అందరూ కలిసి ఫోటో దిగుతుంటే నన్ను పిలవడం మరిచిపోయేవారు. అలిగి కాదు, నిజంగానే మరిచిపోయేవారు. పెళ్ళి సంబంధాలు వస్తూ వస్తూ ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు, మా అమ్మ గమనించింది.

రెండు వేల సంవత్సరం దాటాక కాలం మారింది. పెద్ద కంపెనీల చిన్న బండ్లు మా దారుల్లోకే వచ్చేశాయి. సారుకు గుండెజబ్బు వచ్చి మంచం పట్టారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న వాళ్ళ అల్లుడు వచ్చి బాధ్యత తీసుకున్నాడు. ఆయన్ను చెడ్డవాడని చెప్పలేను. మర్యాదస్తుడు, షెడ్డును నిలబెట్టాలని నిజంగానే తాపత్రయపడినవాడు. ఒకరోజు నా బల్ల మీద ఒక విదేశీ కారు బొమ్మ పెట్టి, “మేడమ్, ఇంక సంగటి రంగు కాలం అయిపోయింది. ముందుభాగం ఇట్ల ఉండాల, రంగు తెలుపు. ఇది రాకపోతే వచ్చే ఏడాది మనం షెడ్డుకు తాళమేసుకోవాల్సిందే” అన్నాడు. ఇది వేరేవాళ్ళ ముఖం సార్ అన్నాను. “అందుకే కదా మేడమ్ కొనేది” అన్నాడు.

రెండు వారాలు నేను గీయలేదు. చౌడేపల్లె వెళ్ళి సారును చూశాను. వసారాలో మంచం మీద, దిండ్లకు ఆనుకుని ఉన్నారు. నేను చెప్పింది అంతా విని, కళ్ళు మూసుకుని, “అమ్మా, ఇంక నన్ను అడగద్దు. నలబై ఇండ్లు ఉండాయి ఆ షెడ్డు కింద. ఆ పిల్లోడు సెప్పినట్ట సెయ్యి” అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూస్తే, ఎదురుగా వచ్చే మా బండ్లు నన్నే మిటకరించి చూస్తున్నట్టు అనిపించింది. ఆ వారమే డ్రాయింగు ముగించి, కింద కుడి మూలలో సంతకం పెట్టాను.

మరునాడు మేస్త్రిని పిలిచాను. ఆయన వచ్చి, బల్ల మీదకు బాగా వంగి, చాలాసేపు చూశాడు. కాగితం అంచును వేలితో తడిమాడు. మంచో చెడో ఒక మాట వస్తుందని నిలబడ్డాను. ఆయన నిటారుగా లేచి, నా వైపు చూడకుండానే, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి రోజు పనికి రాలేదు. ఆయన గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాడని, ఇక రానన్నాడని ఫిట్టరు ఒకతను చెప్పాడు. ఆ సంతకాన్ని ఆయన అసహ్యించుకున్నాడని నాకు అర్థమైంది. అంత సేపు చూసి మాట్లాడకపోవడం కంటే పెద్ద తిట్టు ఏముంటుంది అనుకున్నాను.

తెల్ల కారు వచ్చింది. నిజం చెప్పాలంటే మొదట్లో బాగానే అమ్ముడుపోయింది కూడా. తర్వాత, అదే ముఖం అసలు కంపెనీ దగ్గరే దొరుకుతుంటే మా దగ్గర ఎందుకని జనం అటు వెళ్ళారు. నాలుగేళ్ళు ఈడ్చి, సారు పోయిన తర్వాత షెడ్డు మూసేశారు. నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో డ్రాయింగు టీచరుగా చేరాను. మేస్త్రి ఊరు వి.కోట ఎంత దూరం? పలమనేరులో బస్సు మారితే ఒక పూట ప్రయాణం. పలమనేరు బోర్డు పెట్టుకున్న బస్సు నా కళ్ళ ముందే వెళ్ళేది. ఏ ముఖం పెట్టుకుని ఎక్కను అనుకుంటూ, ఆయన వెళ్ళిపోయినప్పటి నుంచి లెక్కేస్తే ఆరేళ్ళు గడిపేశాను. రాత్రి వండుకున్న అన్నంలోకి నంజుకోవడానికి ఏదైనా నూరుకుందామని కూర్చుని, ఒక్కదానికి ఎందుకులే అని లేచిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒకరోజు ఆ పాత ఫిట్టరే మదనపల్లె బస్టాండులో కనిపించి, మేస్త్రి ఇంట్లోంచి బయటికి రావడం లేదని చెప్పాడు. ఆ శనివారం పొద్దున్నే బయల్దేరాను. వి.కోటలో ఇద్దరు ముగ్గురిని అడుగుతూ వెళ్తే, ఒక సందులో, ఇంటి ముందు అరుగు మీద ఆయన చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను ఎదురుగా నిలబడ్డా తల ఎత్తలేదు. ఇంకా కోపమే అనుకున్నాను. అన్నా అని పిలిచాను.

చేతులు ఆగిపోయాయి. తల పక్కకు తిప్పి చెవి ఒగ్గాడు. “పాపా? ఇన్నాళ్ళకు దావ తెలిసిందా?” అన్నాడు.

అప్పుడు చూశాను ఆయన కళ్ళు. అవి నా మీద లేవు, నా పక్కన ఎక్కడో ఉన్నాయి.

కూర్చున్నాను. ఎప్పటి నుంచి అని అడిగే ధైర్యం రాక, ముందు నాలో ఆరేళ్ళుగా ఉన్నదే అడిగాను. “నా మీద కోపం పోయిందా అన్నా?”

“కోపమా? యాల?”

“ఆ పొద్దు నా డ్రాయింగు అంతసేపు చూసి, ఒక్క మాట కూడా అనకుండా వచ్చేసినావు కదా.”

ఆయన చేతిలోని కాయను పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. “యాడ సూసినా పాపా? నాకేం అవుపడె? తెల్ల కాయితం అవుపడె. దాని మింద గీతలుండాయో లేవో కూడా తెలీలేదు. అంతకుముందు ఏడాది నుంచే ట్యూబులైటు ఎలుగు అచ్చు మింద అలుక్కపోయినట్ట ఉండె. తడిమి తడిమి సేస్తాంటి. కంటి నరం సచ్చిపోయిందన్నారు, ఆలీసమై పోయిందన్నారు. నీకు సెప్తే నువ్వు కప్పిపెడతావు. నా కోసరం తప్పును గూడా బాగుండాదంటావు. అది నాకు సేతగాలేదు, వచ్చేస్తి.”

నేను ఏ చూపును తలుచుకుని ఆరేళ్ళు కుమిలిపోయానో, ఆ చూపే లేదన్నమాట. తర్వాత ఆయనే అడిగాడు. “నువ్వన్నా యాల రాకపోతివి? నువ్వు పెద్దదానివై పోతివి, ఇంగ మేస్త్రితో ఏం పని అనుకుంటివేమో అనుకుంటి నేను.” ఆయన నా కోసం చూసిన ఆదివారాలు ఎన్నో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒలిచిన గింజలు నా చేతిలో పోసి, ఇంతకీ ఆ బండి ఎట్లుండె అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ముఖం మనది కాదని, గీత మధ్యలోనే తెగిపోయిందని, మెట్టు కూడా ఎత్తు చేశారని చెప్పాను. చివరికి, “నీ కండ్లు బాగుండి, నువ్వు వద్దని ఒక్క మాట అనింటే, చించి పారేసేదాన్ని అన్నా” అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

“సించేసిందువు,” అన్నాడు ఆయన. “అట్లయితే నా కండ్లు పోయిందే మేలాయె. ఇంగో నాలుగేండ్లు నలబై ఇండ్లల్లో సంగటి ఉడికింది కదా. నువ్వు పెట్టిన సంతకం తప్పు సంతకం కాదు పాపా. గీత తప్పు, అంతే.”

ఆ తర్వాత రెండేళ్ళు, వీలు చిక్కిన శనివారమల్లా వెళ్ళేదాన్ని. వీధిలో వెళ్ళే బండ్లు ఎలా ఉన్నాయో అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. ఎక్కడో ఒక పాత గుడ్లబండి ఇంకా తిరుగుతుంటే శబ్దాన్ని బట్టి నా కంటే ముందే పట్టేసేవాడు. పరీక్షల హడావిడిలో రెండు నెలలు వెళ్ళలేకపోయాను. తీరిక చేసుకుని వెళ్ళేసరికి తలుపు తాళం వేసి ఉంది. కర్మ అయి మూడు వారాలైందని, కూతురు వచ్చి అన్నీ చూసుకుందని పక్కింటామె చెప్పింది. నాకు కబురు పెట్టాలని ఆ కూతురికి తెలియదు. తండ్రికి నేనేమవుతానని ఆమెకు ఎవరు చెబుతారు? అరుగు మీద కాసేపు కూర్చుని, వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు పిల్లలు కంప్యూటరు మీద గీస్తారు. గీత ఎక్కడా వణకదు, తప్పుంటే అదే దిద్దిపెడుతుంది. రిటైరయ్యే ముందు ఒక విద్యార్థి తన డ్రాయింగు చూపిస్తే, వెనక చక్రం పైన ఏదో మందకొడిగా ఉందని నాకు అనిపించింది, కానీ ఎలా చెప్పాలో తెలియక బాగుందన్నాను. సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆ రోజంతా మనసు మనసులో లేదు. అందరూ అందరికీ బాగుందనే చెప్పుకునే కాలంలోకి నేనూ వచ్చేశానని తెలిసింది. చౌడేపల్లె రోడ్డులో మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఏదో గోడౌను ఉందట. పలమనేరు మీదుగా వి.కోట వెళ్ళే దారి వెడల్పు చేశారని, ఇదివరకటి అంత సేపు పట్టదని అందరూ అంటున్నారు. నేను వెళ్ళి చూడలేదు. ఆ ఊళ్ళో బస్సు దిగితే, ఫలానా ఇల్లు ఎక్కడ అని అడగడానికి నాకిప్పుడు ఏ ఇల్లూ లేదు.